గోడకి ఆనుకున్న కుర్చీ

నాలుగూ నాలుగు. ఆ గడియారాన్ని ఎనిమిదేళ్ళ క్రితం ఆవిడే ఎదురు గోడకి కొట్టించింది, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి సరిగ్గా పైన. వాళ్ళ ముఖం చూస్తున్నట్టే ఉండి టైము కూడా చూసుకోవచ్చు, చూసినట్టు వాళ్ళకి తెలియదు, కౌన్సిలింగ్ చేసేవాళ్ళందరికీ అలవాటైన చిన్న మోసం అది. కానీ ఇవాళ కింద ముఖం లేదు, ఖాళీ కుర్చీ ఉంది, దాని మీద గడియారం ఒక్కటే మోసం బయటపడ్డవాడిలా నిలబడి ఆవిడ వైపే చూస్తోంది. నాలుగూ అయిదు. లిఫ్టు మెకానిక్ ఆలస్యం చేసే మనిషి కాదు. ఏడు గురువారాలు, ఏడుసార్లూ పది నిమిషాల ముందే వచ్చాడు, అదీ నాలుగంతస్తులూ మెట్లెక్కి. పన్నెండేళ్ళు లిఫ్టులు బాగుచేసి బతికిన మనిషి అయిదు నెలలుగా ఏ లిఫ్టులోనూ కాలు పెట్టలేదు. తలుపు దగ్గర ఆగి ముఖం తుడుచుకుంటాడు, ఊపిరి కుదుటపడేదాకా లోపలికి రాడు, ఆయాసంతో నమస్తే చెప్పడం మర్యాద కాదన్నట్టు. తరవాత ఆ కుర్చీలో కూర్చుంటాడు, కూర్చోగానే కుడిచెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళిపోతుంది, అతను లేచి వెళ్ళేదాకా బయటికి రాదు. జేబులో ఏముందో ఆవిడ అడగలేదు. అడగదు. ఆవిడ పద్ధతే అంత, వచ్చినవాళ్ళు తెచ్చినదాన్ని వాళ్ళే విప్పాలి, ఆవిడ లాక్కోకూడదు, తొందరపెట్టకూడదు, తాను ముందే ఊహించేసి ఇదేనా అని చూపించకూడదు.

నాలుగూ ఎనిమిది. తలుపు గడియ పెట్టలేదు. ఫోను సొరుగులో బోర్లా పడుకుంది. ఈ యాభై నిమిషాలూ అతనివి, వచ్చినా రాకపోయినా అతనివే, వేరే పని చేసుకోవడానికి ఆవిడకి హక్కు లేదు, అది ఆవిడ పెట్టుకున్న నియమం. రానివాళ్ళకి కూడా కౌన్సిలింగ్ చేసే మనిషివి లోకంలో నువ్వొక్కదానివే, అంటాడు మొగుడు, రానివాళ్ళే నయం, నేను ఇంట్లో ఉన్నా నాకు చెయ్యవు. ఆయన వేళాకోళాలకి అంతులేదు. టీలో పంచదార లేదని తానే అని, వెంటనే ఆవిడ గొంతు అనుకరిస్తాడు, 'టీలో పంచదార లేకపోవడం మీకు చాలా బాధగా ఉందన్నమాట.' కూతురికి పద్నాలుగేళ్ళప్పుడు పరీక్ష పోయిందని చెప్తే ఆవిడ అలవాటు కొద్దీ తలాడిస్తూ వింటూ కూర్చుంటే, 'అమ్మా, ప్లీజ్, కౌన్సిలింగ్ వద్దు, మామూలు అమ్మల్లాగా తిట్టవా' అని ఏడ్చింది. తిట్టింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఎందుకు గుర్తొస్తోంది ఇదంతా, నాలుగూ తొమ్మిది దాటింది, మెట్ల మీద అడుగులు, అతని చెప్పులు కాదు, ఆడవాళ్ళ నడక, పైకి వెళ్ళిపోయింది.

పోయిన గురువారం. దాని దగ్గరికి వెళ్ళకుండా ఎటెటో తిరుగుతోంది మనసు, కానీ కూర్చున్నది దానికోసమే. ఆరు వారాలు అతను చెప్పింది అందరికీ తెలిసిన కథే. ఒక పెద్ద భవనంలో లిఫ్టు, మూడో అంతస్తు తలుపు దగ్గర ఏదో రిపేరు, సోమవారం పొద్దున తనకన్నా ముందు బావమరిది వెళ్ళాడు. భార్యకి తమ్ముడు, తానే పనిలో పెట్టుకుని తానే నేర్పిన మనిషి. తలుపు తీసి ఉంటే లిఫ్టు కదలదు, అది అందరికీ తెలుసు, ఆ ధైర్యంతో తల లోపలికి పెట్టాడు, లిఫ్టు కదిలింది. విచారణ జరిగింది. మెయిన్ స్విచ్ ఆపకుండా పనిలోకి దిగాడు కాబట్టి చనిపోయినవాడిదే అజాగ్రత్త అని రాసి సంతకాలు పెట్టేశారు. అత్తగారు కూడా అదే అంటుందట, మావాడికి మొదట్నుంచీ తొందరే నాయనా, నువ్వేం చేస్తావ్, అని ఇతని తల నిమురుతుందట. అత్తగారు అలా నిమిరినప్పుడల్లా ఏమనిపిస్తుంది అని అడిగితే ఇతను, 'తల అక్కడే వదిలేసి వచ్చేద్దామనిపిస్తుందండీ' అన్నాడు. ఆ మాట రాసుకోలేదు, రాసుకోకుండానే ఉండిపోయింది. ఏడో వారం, పోయిన గురువారం, అతను చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు, ఎనిమిది నిమిషాలో తొమ్మిది నిమిషాలో, జేబులో చెయ్యి దేన్నో మెలిపెడుతోంది, మెడనరం లేచింది, అప్పుడు నోరు తెరిచాడు. 'ఆ శనివారం నేను' అన్నాడు. సోమవారం కాదు, శనివారం. అతని మాటల్లో అంతకుముందు ఎప్పుడూ రాని రోజు అది. అతని ముఖం అంత నొప్పిగా ఉంది, కింద పడుతున్న గ్లాసుని పట్టుకోబోయినట్టు ఆవిడ చెయ్యి ముందుకి వెళ్ళింది, నోరు కూడా వెళ్ళింది, 'మీ తప్పేం లేదు' అంది.

అంతే. మూడు మాటలు. అతను నోరు మూశాడు. జేబులో చెయ్యి ఆగింది. మర్యాదగా, చాలా మర్యాదగా, 'థాంక్సండీ' అన్నాడు, ఇంకా ఇరవై నిమిషాలున్నాయని తెలిసీ లేచి, కుర్చీని వెనక్కి గోడకి ఆనేలా సర్దిపెట్టి, వెళ్ళిపోయాడు. ఇంకెవరైనా ఆ మాట అంటే దయ అంటారు. ఈ గదిలో ఆవిడ అనడం తలుపు వెయ్యడం. పద్దెనిమిదేళ్ళ అనుభవం, కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠంగా చెప్పే మాట, ఓదార్పు ఎవరికోసమో చూసుకోండి, వాళ్ళ నొప్పి తగ్గడానికా, అది చూడలేని మీ నొప్పి తగ్గడానికా. నాలుగూ పదహారు.

తలుపు మీద ఒక్క దెబ్బ, సమాధానం కోసం ఆగకుండా తల లోపలికి. రిసెప్షన్ చూసే పెద్దావిడ. ఇరవై ఏడేళ్ళు ఆస్పత్రి వార్డులో అందరినీ అదిలించి రిటైరైంది, అందుకని ఇక్కడ ఆవిడ పేరే హెడ్ నర్సు.

"డాక్టరమ్మా, మీ నాలుగ్గంటలాయన రాలేదు."

"తెలుసండీ. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"తెల్లకోటు లేకపోతేనేం, మందిచ్చేది మీరేగా. ఖాళీ కుర్చీతో ఏం మాట్లాడుతున్నారు ఇంతసేపట్నుంచీ?"

"అది మాట్లాడుతోంది, నేను వింటున్నాను."

"బావుంది వరస. అయిదింటి దంపతులు అప్పుడే దిగారు, సోఫాలో మధ్యన ఇంకో సంసారం పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. ఇంతకీ ఆయనకి ఫోన్ చెయ్యనా?"

"వద్దండీ. రాకూడదనుకుంటే రాకుండా ఉండే హక్కు ఆయనకుంది."

"హక్కేమో గానీ," హెడ్ నర్సు తలుపు దగ్గరికి వేస్తూ అంది, "మా వార్డులో అయితే మంచం ఖాళీగా కనిపిస్తే ముందు వెతికేవాళ్ళం."

తలుపు మూసుకుంది, మాట లోపలే ఉండిపోయింది. వెతికేవాళ్ళం. నాలుగూ ఇరవై ఒకటి. ఆవిడకి పని నేర్పిన ముసలి మాస్టారు ఈ గదిలో ఉంటే ఏమనేవాడు? ఆయన పక్కన మొదటిసారి కూర్చున్న రోజు, ఎవరో ఒకావిడ ఇరవై నిమిషాలు ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు, ఈవిడకి మాత్రం చెమట్లు పట్టాయి. ఆవిడ వెళ్ళాక ఎలా భరించారు మాస్టారూ అంటే, భరించడమేంటే, ఆవిడ అంత మాట్లాడుతుంటే, అన్నాడు. రాకపోవడం కూడా వాళ్ళు చెప్పే మాటే, దానికి అడ్డం వెళ్ళకు, అన్నాడు. కానీ మాస్టారూ, ఇతను మూడోవారంలో ఇంకో మాట కూడా చెప్పాడు. ఆవిడ సూటిగా అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని, ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ నసగకుండా అడుగుతుంది. అతను కూడా సూటిగానే చెప్పాడు. 'అనిపించిందండీ. ఇప్పుడు లేదు. మళ్ళీ వస్తే ముందు మీకే చెప్తాను.' ముందు మీకే. ఆ మాట నమ్మి నాలుగు వారాలు నిద్రపోయింది. ముందు చెప్పాలంటే ఎదుటి మనిషి వినాలి కదా, చెప్పబోతే నోరు మూయించిన మనిషికి ఎవరు చెప్తారు?

మీ తప్పేం లేదు. ఆ మూడు మాటల రుచి ఆవిడకి తెలుసు, తొమ్మిదేళ్ళప్పుడే తినిపించారు. పెరటి గేటు గొళ్ళెం వెయ్యడం ఆ ఇంట్లో ఆవిడ పని. చెల్లెలికి మూడేళ్ళు, గేటు దాటి రోడ్డు మీదకి వెళ్ళింది, వేన్ తగిలింది, కాలు మూడుచోట్ల విరిగింది. ఆస్పత్రి వరండాలో అమ్మా, నాన్నా, పిన్నీ, పక్కింటివాళ్ళూ, ఒకరి తరవాత ఒకరు వచ్చి దగ్గరికి తీసుకున్నారు, చిన్నపిల్లవి, నీ తప్పేముందమ్మా, మర్చిపోయావు అంతే. మర్చిపోలేదు. తెరిచి ఉండటం చూసింది. అంతకు ముందే చెల్లెలు తన రంగుపెన్సిళ్ళన్నీ విరిచేసింది, ఆ కోపంలో గేటు వైపు చూసి, చూసి కూడా, మళ్ళీ లోపలికి వచ్చేసింది. ఆ వరండాలో ఎవరైనా ఒక్కరు, ఎవరైనా సరే, ఏమైంది, తరవాత ఏమైంది, అని అడిగి ఉంటే చెప్పేసేది. అడగలేదు. అందరూ అంత మంచివాళ్ళు. చెల్లెలు ఇప్పటికీ ఎడమకాలు కాస్త ఈడుస్తుంది, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, ఏంటే అక్కా, ఎంతమంది పిచ్చివాళ్ళని బాగుచేశావ్ ఈ వారం, అని నవ్వుతుంది, ఈవిడా నవ్వుతుంది. నలభై మూడేళ్ళు. నాలుగూ ఇరవై ఎనిమిది.

కూర్చోలేక లేచింది. లేచి ఏం చెయ్యాలో తెలియక, ఎందుకు చేస్తోందో కూడా తెలియకుండా, అయిదడుగులు వేసి అతని కుర్చీలో కూర్చుంది. ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇక్కడి నుంచి గది ఇలా ఉంటుందా. కిటికీ వెలుతురు కళ్ళలో పొడుస్తోంది. తన ఖాళీ కుర్చీ ఎంత పెద్దగా, ఎంత పెద్దమనిషి తరహాగా కనిపిస్తోంది ఇటునుంచి. ఎదుటివాళ్ళ వైపు నుంచి చూడాలి, వాళ్ళ లోపల నిలబడి చూడాలి అని ఇన్ని వందలమందికి పాఠాలు చెప్పింది కానీ, అయిదడుగులు నడిచి ఈ కుర్చీలో ఒక్కసారి కూర్చోలేదు. వీపు గోడకి ఆనింది. అప్పుడు కదిలింది గోడ. గోడ కాదు, గోడలోంచి ఏదో, సన్నటి వణుకు, వెన్ను కింద మొదలై మెడదాకా పాకింది, ఒక మూలుగు పైకి పైకి వచ్చింది, వీపు వెనకే ఆగింది, టక్కుమని ఏదో పట్టుకున్న చప్పుడు, మనుషులు దిగిన అలికిడి, మళ్ళీ మూలుగు కిందికి దిగిపోయింది.

లిఫ్టు.

ఈ గోడకి అటువైపు లిఫ్టు గొయ్యి ఉంది. అటు తన కుర్చీలో కూర్చుంటే ఏమీ వినపడదు, రోడ్డు చప్పుడులో కలిసిపోతుంది. ఏడు గురువారాలు, ఏడు యాభై నిమిషాలు, లిఫ్టు కింద మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి వీపు లిఫ్టుకి ఆనించి కూర్చోబెట్టి, మీకు ఇక్కడ భద్రంగా అనిపిస్తోందా, అని అడిగింది. అతను, పరవాలేదండీ, అన్నాడు. పన్నెండేళ్ళ మెకానిక్కి గోడ వెనక ఏముందో తెలియదా? కుర్చీ జరపమని ఎందుకు అడగలేదు? ఆవిడ లేచిన వేగానికి కుర్చీ పక్కకి ఒరిగింది. సొరుగు లాగింది, ఫోను తీసింది, నియమం సంగతి తరవాత, మాస్టారు సంగతి తరవాత. రింగవుతోంది. రింగవుతోంది. ఎత్తలేదు. మళ్ళీ. ఎత్తలేదు.

"కింద గేటుకి ఫోన్ చెయ్యండి," తలుపు తెరిచి అరిచింది, సోఫా రెండు చివర్లా ఉన్న దంపతులు ఉలిక్కిపడి ఒకరినొకరు చూసుకున్నారు. "ఆయన వచ్చాడేమో కనుక్కోండి."

హెడ్ నర్సు వెంటనే రిసీవర్ ఎత్తింది. "ఏమయ్యా, రిజిస్టర్ చూడు... అదే, లిఫ్టు ఎక్కని ఆయన... ఎప్పుడూ?" రిసీవర్ మీద చెయ్యి పెట్టింది. ముఖంలో వేళాకోళం పోయింది. "మూడూ యాభైకే లోపలికి వచ్చాడటమ్మా. సంతకం ఉంది. బయటికి వెళ్ళలేదట."

మూడూ యాభై. ఇప్పుడు నాలుగూ ముప్పై ఆరు. నాలుగో అంతస్తుకి రాలేదు, కిందికి పోలేదు. మెట్లు ఇంకా పైకి ఉన్నాయి. ఇందాక ఒక్కోసారి మెట్ల మీద అడుగులు విని, కాదు, ఇవి కాదు, అనుకుంటూ కూర్చుంది, అతను అప్పటికే ఈ తలుపు దాటి వెళ్ళిపోయాడు. చెప్పులు జారుతున్నాయి, అయిదో అంతస్తు, ఇన్సూరెన్స్ ఆఫీసు, ఎవరో కుర్రది ఏమైంది మేడం అంటోంది, మోకాలు వద్దంటోంది, దాన్ని నోర్ముయ్ అంది, ఆరో అంతస్తు, తాళం వేసిన తలుపులు, దుమ్ము, చివరి మెట్లకి రెయిలింగు లేదు, మీ తప్పేం లేదు, నా తప్పు, అనుకోవడానికి ఇప్పుడు టైము లేదు, ఇనుప తలుపు వారగా తెరిచి ఉంది, ఎండ ముఖాన కొట్టింది, నీళ్ళ ట్యాంకులు, పైపులు, ఎవరూ లేరు, పిట్టగోడ, పిట్టగోడ పక్కన మగవాళ్ళ చెప్పులు జత, పక్కపక్కన, నీటుగా.

ఆ పదడుగులూ ఎలా నడిచిందో తెలియదు. పిట్టగోడ పట్టుకుని కిందికి చూసింది, రోడ్డు, స్కూటర్లు, ఎవరూ గుమిగూడలేదు, ఎవరూ పైకి చూడటం లేదు.

"బ్రేకు అరిగింది మేడం."

గొంతు వెనక నుంచి వచ్చింది. ట్యాంకుల అవతల చిన్న గది, తాళం వేసిన తలుపు, దాని గుమ్మం మీద వట్టికాళ్ళతో కూర్చుని ఉన్నాడు, చెవి తలుపుకి ఆనించి. లిఫ్టు మోటారు ఉండే గది. అతను ఇటు చూడలేదు.

"ఆగే ముందు కాస్త ఈడుస్తోంది, విన్నారా? ఇప్పటికి పరవాలేదు గానీ, వాళ్ళకి చెప్పండి మార్పించమని."

వెళ్ళి అతని కింద మెట్టు మీద కూలబడింది. ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది, ఆ రెండూ ఆవిడవి, అతనివి కావు, వాటిని మింగింది. మూడోవారం అడిగిన ప్రశ్నే మళ్ళీ సూటిగా అడిగింది.

"లేదు మేడం," అన్నాడు. "చెప్పులు చూసి భయపడ్డారా? ఈ గది గుమ్మం ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి దూరంగా గోడవారన పెట్టడం మా గురువు నేర్పిన అలవాటు. మీ దగ్గరికే వచ్చా. తలుపు దాకా వచ్చాక లోపలికి రాలేకపోయా. కాళ్ళు పైకి తీసుకొచ్చేశాయి."

"ఆ ఈడ్పు నేనూ విన్నాను," అంది ఆవిడ. "ఇందాకే. మీ కుర్చీలో కూర్చుని."

అతను మొదటిసారి తల తిప్పాడు.

"ఏడు వారాలు మీ వీపు వెనక లిఫ్టు పెట్టి కూర్చోబెట్టాను. నాకు తెలీదు."

"నాకు మొదటిరోజే తెలుసు మేడం. జరపమంటే మీరు జరిపేవారే." అరచెయ్యి తలుపు మీద ఆనించాడు. "అది వీపుకి తగులుతుంటే అబద్ధం ఆడలేనని కూర్చున్నా. ఆడకుండా ఉండటానికి అసలు మాట్లాడటమే మానేశా."

కింద ఎక్కడో హారన్ మోగింది. ఇప్పుడు చెప్పాలి. ఏ పుస్తకంలోనూ లేని మాట, తప్పుగా పడితే మనిషి కూలిపోయే మాట.

"పోయినవారం మీరు, ఆ శనివారం నేను, అన్నారు. నేను అడ్డమొచ్చి మీ తప్పేం లేదన్నాను. ఏం జరిగిందో వినకుండా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నవ్వో దగ్గో తెలియని చప్పుడు ఒకటి అతని గొంతులోంచి వచ్చింది. "అయిదు నెలల్లో అందరూ ఆ మాట ఇచ్చినవాళ్ళే మేడం, వెనక్కి తీసుకున్నది మీరొక్కరే." కుడిచెయ్యి జేబులోకి వెళ్ళింది. ఈసారి బయటికి వచ్చింది. జానెడు పసుపు వైరు, రెండు చివర్లా చిన్న క్లిప్పులు, మెలిపెట్టి మెలిపెట్టి పైతొడుగు నలిగిపోయింది. ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టాడు.

"రిపేరప్పుడు ఇది తలుపు స్విచ్చికి పెడితే తలుపు తీసి ఉన్నా లిఫ్టుకి తెలీదు. వేసే ఉందనుకుంటుంది. పరుగెత్తుతుంది." వేలితో వైరుని తిన్నగా చేశాడు. "వాడికి నేర్పింది నేనే, తలుపు తీస్తే లిఫ్టు కదలదురా, భయపడకు అని. సోమవారం ఆ గోలలో అందరికన్నా ముందు నేనే వెళ్ళి దీన్ని పీకేసి జేబులో పెట్టుకున్నా. అందుకే ఎవరికీ దొరకలేదు. అందుకే తప్పంతా వాడి మీద రాశారు."

మెట్ల వైపు తలుపులోంచి హెడ్ నర్సు తల కనిపించింది, రొప్పుతోంది, "డాక్టరమ్మా, అయిదింటివాళ్ళు" అనబోయి ఇద్దరినీ, మెట్టు మీది వైరునీ చూసింది, నోటి మీద వేలు తానే పెట్టుకుని వెనక్కి తగ్గింది. మాస్టారూ, చూస్తున్నారా, గదీ లేదు, గడియారం లేదు. ఆవిడ నాలుక మీదకి ఆ మూడు మాటలే మళ్ళీ వచ్చి నిలబడ్డాయి, పాపం, మీరు కావాలని చెయ్యలేదుగా, ఎంత పని ఒత్తిడో, తియ్యటివి, సిద్ధంగా ఉన్నవి. పళ్ళ మధ్య పట్టుకుంది.

"ఆ శనివారం నేను," అన్నాడు అతను, అప్పుడే వెనక తలుపు అవతల మోటారు మొదలైంది, గుమ్మం సన్నగా వణికింది, అతను ఆగాడు. ఆవిడా ఆగింది. ఇద్దరూ వింటూ కూర్చున్నారు, ఎవరినో ఎక్కించుకుని లిఫ్టు ఏ అంతస్తుకో వెళ్తోంది, నెమ్మదించింది, కాస్త ఈడ్చింది, ఆగింది.

"నేనే పెట్టాను," అన్నాడు. "పెట్టి, తియ్యకుండా ఇంటికి వెళ్ళిపోయాను."

ఎండ అతని వట్టి పాదాల మీద పడుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఇంతమందిలో ఎవరైనా అడుగుతారేమోనని ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.

"తరవాత ఏమైంది?" అని అడిగింది ఆవిడ.